రాయైపోయిన ప్యూపాలో కందిరీగ

మన దగ్గర చెరకు వేసే రైతుని ట్రైకో కార్డు అంటే ఏంటని అడగండి, చెబుతారు. చిన్న అట్టముక్క, దాని మీద అతికించిన గుడ్లు, వాటిలోంచి వచ్చే నలుసంత కందిరీగలు. అవి వెళ్లి కాండం తొలిచే పురుగు గుడ్లలో తమ గుడ్లు పెడతాయి. పురుగు పుట్టాల్సిన చోట కందిరీగ పుడుతుంది. ఇలా వేరే కీటకంలో పెరిగి, దాన్ని చంపి బయటికొచ్చే వాటిని పరాన్నజీవి కందిరీగలు అంటారు. ఇవాళ్టి కథ వీటి దూరపు చుట్టాలది. ఎప్పుడో అంతరించిపోయిన చుట్టాలు.

శిలాజంలో ఒక కందిరీగ దొరికిందనుకోండి. అది ఏ కుటుంబానిదో ఎలా తేలుస్తారు? రెక్కల్లో ఈనెలు ఎలా ఉన్నాయి, మీసాల్లో ఎన్ని కణుపులు, నడుం ఎంత సన్నం, ఇవన్నీ చూస్తారు. అంతవరకు సరే. మరి అది ఎలా బతికింది? "ఇప్పుడున్న దీని చుట్టాలు పరాన్నజీవులు, కాబట్టి ఇదీ అంతే అయ్యుంటుంది" అంటారు. అంటే చాలావరకు ఊహే. తినేదీ, తినబడేదీ ఒకేచోట దొరకడం చాలా అరుదు.

దక్షిణ ఫ్రాన్స్‌లో కెర్సీ అనే ప్రాంతం ఉంది. అక్కడ ఫాస్ఫేట్ గనుల్లో ఈగల ప్యూపాలు దొరికాయి. బియ్యపుగింజంత ఉంటాయి. ఫాస్ఫేట్ ఖనిజం చేరి రాళ్లైపోయాయి. కాలం పేలియోజీన్, అంటే డైనోసార్లు పోయాక, 6.6 కోట్ల నుంచి 2.3 కోట్ల ఏళ్ల కిందటి మధ్యలో. స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త ఎడ్వార్డ్ హాండ్‌షిన్ వీటి మీద 1944లోనే రాశారు. ఒకదాంట్లో కందిరీగ ఆకారం లీలగా ఆయన కంటపడింది. కానీ రాయి లోపల ఏముందో చూసే దారి అప్పుడు లేదు. పగలగొడితే ఉన్నదీ పోతుంది. ప్యూపాలు మ్యూజియం సొరుగుల్లో ఉండిపోయాయి.

డెబ్బై ఏళ్లు దాటాక జర్మనీలోని కార్ల్స్‌రూయెలో టోమాస్ ఫాన్ డె కాంప్, ఆయన తోటివాళ్లు వాటిని బయటికి తీశారు. హాస్పిటల్లో సీటీ స్కాన్ తెలుసుగా, అలాంటిదే, కాకపోతే ఎక్స్‌రేలు సింక్రోట్రాన్ అనే పెద్ద యంత్రం నుంచి వస్తాయి. ఒకటీ రెండూ కాదు, 1,510 ప్యూపాలు స్కాన్ చేశారు. 55 ప్యూపాల్లో ఈగ బదులు కందిరీగ కనిపించింది! కొత్త తవ్వకం ఏదీ లేదు, గమనించారా? సొరుగులో ఉన్న పాత సరుకే.

2018లో నాలుగు కొత్త జాతులు ప్రకటించారు. పేర్లు సరదాగా ఉంటాయి. జెనోమార్ఫియా రిసరెక్టా అనే పేరు 'ఏలియన్' సినిమాల్లో మనిషి ఛాతీ చీల్చుకొచ్చే జీవిని గుర్తుచేస్తూ పెట్టింది. జెనోమార్ఫియా హాండ్‌షినీ మన హాండ్‌షిన్ గారి పేరు మీద. కాప్టెరా అంకా ఆ సింక్రోట్రాన్ పేరు మీద. పేలియోర్టోనా కెర్సియెన్సిస్ ఆ ప్రాంతం పేరు మీద. నాలుగూ ఇప్పటికీ బతికున్న డయాప్రీడే కుటుంబానివే.

నాకు పేర్లకంటే లెక్క ముఖ్యమనిపించింది. 55లో 52 రిసరెక్టాలే. అన్ని ఉంటే ఏది జాతి లక్షణమో, ఏది ఆ ఒక్కదాని తేడానో పోల్చి చెప్పొచ్చు. మగదాన్ని ఒక జాతి, ఆడదాన్ని ఇంకో జాతి అనుకునే పొరపాటు తగ్గుతుంది. మిగతా మూడు జాతులూ తలా ఒక్క నమూనా మీద నిలబడ్డాయి. రేపు రెండోది దొరికితే వాటి వర్ణన కొంత మారినా ఆశ్చర్యం లేదు.

ఇంకోటి. నాలుగూ ఒకేచోట ఈగల ప్యూపాల మీద పడ్డవే, ఒక్కో ప్యూపాలో ఒక్కటే పెరిగింది. కానీ ఒళ్లు వేరు. జెనోమార్ఫియాలు ఎక్కువగా ఎగిరే రకం, మిగతా రెండూ నేల మీద తిరిగే రకం లాగా ఉన్నాయి. రెక్కలు మాత్రమే దొరికుంటే ఈ సంగతి ఎవరికీ తెలిసేది కాదు. ఈ 55 కందిరీగలూ బయటికి రాకముందే రాయైపోయాయి, అందుకే మనకి దొరికాయి.