మూడు కొలతలు, ఒక తీసివేత

మార్కాపురం పలకల ఊరు. మా ఇంట్లో ఇంకా ఒక పాత పలక మిగిలుంది. మొన్న దాని మీద మా నాయన రక్తపరీక్ష లెక్క వేశాను.

నాయన గిద్దలూరులో ఉంటాడు. స్టెంట్ పడి మూడేళ్లయింది. రిపోర్టులో మొత్తం కొలెస్టరాల్ 172, హెచ్‌డీఎల్ 36, ట్రైగ్లిజరైడ్లు 390, ఎల్‌డీఎల్ 58. ఎల్‌డీఎల్ 70 లోపు ఉండాలని డాక్టరు ముందే చెప్పున్నారు. "58కి వచ్చింది గదా, మాత్ర సగం చేద్దాంలే" అన్నాడు. ఆ 58 పక్కన చిన్న అక్షరాల్లో 'కాలిక్యులేటెడ్' అని ఉంది. అంటే దాన్ని ఎవరూ కొలవలేదు.

రక్తంలో ఉన్నదాన్ని రంగుగా మార్చి కొలవడంలో మన భీమవరం మనిషికీ వాటా ఉంది. యల్లాప్రగడ సుబ్బారావు 1925లో హార్వర్డ్‌లో ఫిస్క్‌తో కలిసి, నీలిరంగు చిక్కదనాన్ని బట్టి ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి ప్రచురించాడు. కొలెస్టరాల్‌కీ రంగే ఆధారం. మొదట్లో సల్ఫ్యూరిక్ ఆమ్లంతో ఆకుపచ్చ రంగు తెప్పించేవాళ్లు. 1974లో ఎంజైముల పద్ధతి వచ్చాక ఆ మొరటు ఆమ్లాల అవసరం పోయింది. అలా ఒక్కో కొలతా మెరుగుపడింది. ఎల్‌డీఎల్ మాత్రం చాలాచోట్ల తీసివేతగానే ఉండిపోయింది.

అప్పట్లో దాన్ని విడిగా తీయాలంటే రక్తరసాన్ని గంటల తరబడి విపరీతమైన వేగంతో తిప్పే అల్ట్రాసెంట్రిఫ్యూజ్ కావాల్సి వచ్చేది. ఆ యంత్రం ఎన్ని ఊళ్లలో ఉంటుంది? 1972లో ఫ్రీడ్‌వాల్డ్, లెవీ, ఫ్రెడ్రిక్సన్ 448 మంది రక్తం చూసి ఒక అడ్డదారి కనిపెట్టారు. మొత్తంలోంచి హెచ్‌డీఎల్ తీసెయ్, ట్రైగ్లిజరైడ్లలో ఐదో వంతు తీసెయ్, మిగిలింది ఎల్‌డీఎల్. 172లో 36 పోయి, 78 పోయి, 58. పలక మీద పట్టే లెక్క కాబట్టే ప్రపంచమంతా పాకింది. ట్రైగ్లిజరైడ్లు 400 దాటితే పనికిరాదని వాళ్లే రాశారు. నాయనవి 390, గీతకి కాస్త ఇవతల.

అప్పటికి స్టాటిన్ మాత్రలు బజారులో లేవు. ఎల్‌డీఎల్‌ని 70 కిందికి దించాలన్న లక్ష్యమూ లేదు. ట్రైగ్లిజరైడ్లు ఎక్కువై ఎల్‌డీఎల్ తక్కువైన చోటే ఆ 'ఐదు' తడబడుతుంది, ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది. ట్రైగ్లిజరైడ్లు ఎక్కువ, హెచ్‌డీఎల్ తక్కువ ఉండడం మనవాళ్లలో మామూలే. 2013లో జాన్స్ హాప్‌కిన్స్‌లో మార్టిన్ బృందం 13 లక్షలకు పైగా నమూనాలు చూసి, ఆ ఒక్క ఐదు స్థానంలో 180 గళ్ల పట్టిక పెట్టింది. 2020లో సాంప్సన్ బృందం 800 ట్రైగ్లిజరైడ్ల దాకా పనిచేసే సూత్రం తెచ్చింది. ఇది పలకకి లొంగలేదు, ఫోన్లో వేశాను. 74 వచ్చింది.

అదే రక్తం, అవే మూడు కొలతలు. 70 గీతకి ఒక లెక్క అటు, ఒకటి ఇటు.

డాక్టరుకి ఫోన్ చేశాను. మాత్ర తగ్గించొద్దు, పరగడుపున ఇంకోసారి చేయించండి అన్నారు. తిండి తింటే ట్రైగ్లిజరైడ్లు పెరుగుతాయి, తీసేసే అంకె పెరిగి ఎల్‌డీఎల్ ఇంకా తగ్గినట్టు కనిపిస్తుంది. అప్పుడు అనుమానం వచ్చి అడిగాను: "నాయనా, ఆ రోజు ఏమన్నా తిని పోయినావా?"

"ఏం తినలే. రెండు ఇడ్లీలు, అంతే."