ఒక యంత్రము – రెండు ఏలుబడులు



నెల్లూరు మండలపు పడమటి సీమయైన ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతముల శాసనములను చదువుట నాకు చిరకాలపు వ్యసనము. 1905వ సంవత్సరమున బటర్‌వర్తు, వేణుగోపాలచెట్టిగారలు ఈ మండలపు తామ్రశాసనములను, శిలాశాసనములను మూడు సంపుటములుగా ప్రకటించిరి. దానశాసనములలో దాత పేరు, గ్రహీత పేరు చెప్పిన పిమ్మట పెక్కింట భూమి యెల్లలు కూడ చెప్పబడును. తూర్పున చెఱువుకట్ట, దక్షిణమున వాగు, పడమట గుట్ట అని యిట్లు వివరింతురు. ఎల్ల తెలియని దానము తగవులకు మూలమని మన పూర్వులెఱుగుదురు.

నేడు నేను ముచ్చటింపబోవునదియు నొక యెల్లల కథయే. అయితే ఈ యెల్ల రాతిమీదిది కాదు, లాప్‌టాపులోని డిస్కుమీదిది. ఒక్క యంత్రమున విండోసు, లినక్సు అను రెండు ఆపరేటింగ్ సిస్టములు తగవులేక కాపురముండుట యెట్లు సాధ్యమయ్యెనో, అందువలన మనవంటివారికి ప్రయోజనమేమో మనవి చేసెదను.

యంత్రమొక్కటే యైనపుడు ఏలికలిద్దరేల యని మీరడుగవచ్చును. నా కథయే జవాబు. ఉదయగిరి శాసనములపై నేను వ్రాసికొన్న పాత పుటలన్నియు పేజిమేకరు అను అచ్చుకూర్పు సాధనమున నున్నవి. దాని కడపటి కూర్పైన 7.0 వెలువడినది 2001లో. ఆనాటి తెలుగు ఫాంట్లలో పెక్కింట తెలుగు రూపములను ఇంగ్లీషు అక్షరముల స్థానములలో కూర్చుండబెట్టిరి. ఆ ఫాంటు లేనిచోట పుట తెఱచిన యెడల కృష్ణదేవరాయల బిరుదులన్నియు అర్థములేని రోమను గీతలై కానవచ్చును. యూనికోడు అను ప్రపంచ లిపిపట్టిక 1991లో వెలువడినపుడు తెలుగునకు 128 స్థానముల స్వంత వరుస లభించెను. ఇకమీద వ్రాయు ప్రతి పుటయు అందే యుండదగును. కాని పాత పుటలను దానిలోనికి మార్చి, ఒత్తులు, గుణింతములు సరిచూచికొను వఱకును పాత యిల్లు పడగొట్టరాదు. ఇంతలో విండోసు 10కి సాధారణ పోషణ 2025 అక్టోబరు 14తో ముగిసెను. నా యంత్రము తరువాతి కూర్పునకు తగినది కాదు. కావున పాత కాగితములు తెఱచుటకు, ఇంటర్నెట్టు పొత్తులేక, విండోసును, క్రొత్త వ్రాతకు లినక్సును ఉంచదలచితిని.

ఇక చరిత్ర. 1983లో ఐ.బి.యం. వారు హార్డు డిస్కుతో కూడిన ఎక్స్‌టీ అను యంత్రమును విడుదల చేసిరి. వ్యాపారస్థులు వేర్వేరు ఆపరేటింగ్ సిస్టములను ఒకే డిస్కుపై నుంచుకొనగోరుదురని నాడే యూహించి, డిస్కును నాలుగు భాగముల వఱకు పంచుకొను వీలు కల్పింపబడెను. డిస్కుయొక్క మొట్టమొదటి గది 512 బైట్లు. అందు 446 బైట్లు యంత్రమును మేలుకొలుపు చిన్న ఆజ్ఞలకు, 64 బైట్లు నాలుగు భాగముల యెల్లలకు, కడపటి రెండు బైట్లు ముద్రకు. నా కన్నులకిది యొక చిన్న దానశాసనమువలె తోచును. ఈ శాసనము చెడినచో పొలము అక్కడనే యుండును గాని యెవరిది ఎంతవఱకో చెప్పువాడుండడు.

1991 జనవరిలో హెల్సింకి విద్యార్థియగు లినస్ టోర్వాల్డ్సు ఒక క్రొత్త యంత్రమును కొని, అందు మినిక్సు అను సిస్టమును నెలకొల్పి, దాని చెంతనే తన సొంత సిస్టమును వ్రాయనారంభించెను. అదియే లినక్సు. ఒకనాడాతడు టెలిఫోను ద్వారా విశ్వవిద్యాలయపు కంప్యూటరును పిలువబోయి, పరికరము పేరు పొరపాటున మార్చి చెప్పెను. పిలుపు మాటలు పోయి మినిక్సు భాగముపైననే వ్రాయబడెను. మినిక్సు నశించెను. దానిని మరల స్థాపింపక యాతడు తన లినక్సుతోడనే సాగిపోయెను. లోకమునకు మేలు జరిగినను, ఎల్ల దాటిన వ్రాత ఎంతటి చేటు తెచ్చునో యీ కథయే చాటుచున్నది.

తరువాత యంత్రము తెఱచినపుడు “ఏ సిస్టము కావలయును?” అని యడుగు ద్వారపాలకులు వెలసిరి. మొదట లిలో, పిదప 1995లో ఎరిక్ బోలిన్ ఆరంభించిన గ్రబ్. ఆ దినములలో విండోసును వెనుక స్థాపించినచో అది తొలి గదిని తన పేరనే తిరుగ వ్రాసికొనెడిది. అందువలన విండోసు ముందు, లినక్సు తరువాత అను నియమమేర్పడెను. క్రొత్త యంత్రములలో జీపీటీ యను పట్టిక వచ్చినది. అందు సాధారణముగా 128 భాగములకు చోటు కలదు. ఆ పట్టికయొక్క నకలు డిస్కు చివర నుండును. ఇరువురి ద్వారపాలకులకును ఒక ఉమ్మడి వాకిలియు నేర్పడినది. మనవారును ఊరకుండలేదు. 2005లో హైదరాబాదున వెలసిన స్వేచ్ఛ సంస్థవారు లినక్సునకు తెలుగు వేషము తొడిగిరి. 2007లో చెన్నై సీ-డాక్ వారు బాస్ లినక్సును వెలువరించిరి.

ఇంత తెలిసిన నేనే యొకమారు చెడితిని. కొన్నేండ్ల క్రిందట ఉత్సాహముతో లినక్సును స్థాపింపబోయి, ప్రక్కన నిలుపుమను వరుసకు మారుగా డిస్కంతయు తుడిచివేయుమను వరుసను నొక్కితిని. తప్పు నా చేతిదే. ఆత్మకూరు చేరువ నొక పొలముగట్టున నిలిచిన రాతినుండి యెత్తి వ్రాసికొన్న పంక్తులు అందు పోయినవి. మరల వ్రాసికొందమని పోయితిని. గట్టు కలదు గాని రాయి లేదు.

అందుచేత ఈ పర్యాయము ఉదయగిరినుండి మా మేనల్లుడు వచ్చి, యంత్రము ముట్టకముందే “మామయ్యా, నకలు తీసితిరా?” అని యడిగెను. తీసితిమి. వేర్వేరు పరికరములపై రెండు నకళ్లు తీసి, వానిని తెఱచియు చూచితిమి. డిస్కునకు గూఢలిపి తాళము గలదేమో విచారించి, దాని తాళపుచెవి సంఖ్యను కాగితముపై వ్రాసికొంటిమి. విండోసులోనుండియే దాని భాగమును కుదించి ఖాళీస్థలము విడిచితిమి. ఫాస్టు స్టార్టప్ అను దానిని ఆపితిమి. ఏలయన అదియున్నచో విండోసు పూర్తిగా నిద్రపోక డిస్కును సగము పట్టుకొనియుండును, అప్పుడు లినక్సు అందు వ్రాసినచో పుటలు చెడును. పిమ్మట పెన్ డ్రైవునుండి లినక్సును ఖాళీస్థలమున నిలిపితిమి.

మఱునాడు విండోసు తెఱవగా గడియారము అయిదున్నర గంటలు వెనుకబడెను. మావాడు నవ్వి కారణము చెప్పెను: యంత్రపు గడియారమును లినక్సు ప్రపంచకాలముగా నెంచును, విండోసు స్థానికకాలముగా నెంచును. లినక్సును స్థానికకాలమునకు ఒప్పించితిమి, తగవు తీఱెను.

నాటినుండి దినమున కొకటి రెండు చొప్పున పాత పుటలను విండోసులో తెఱచి, యూనికోడునకు మార్చి, లినక్సులో సరిచూచుచున్నాను. కడపటి పుట దాటినప్పుడు పాత భాగమును తీసివేయుదునో, ఉంచుదునో తెలియదు. 1514లో ఉదయగిరి దుర్గము గజపతులనుండి రాయల వశమయ్యెను. ఏలిక మారినను కొండ మారలేదు. మన వ్రాతకును అట్టి నిలుకడ గావలయునన్నచో, అది యే యొక్క యేలికకును కట్టువడనిదై యుండవలెను. యంత్రమున రెండు సిస్టములు నిలుపగోరువారికి నా మనవి యొక్కటే: ముందు నకలు, పిదప ఎల్ల, ఆ తరువాతనే క్రొత్త కాపురము.