పోడు అంటే నరకడం ఒక్కటేనా?

మా హాస్టల్లో ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె నోటు పుస్తకంలో ‘పోడు: అడవిని నరికి, కాల్చి చేసే సేద్యం’ అని రాసుకుంది. రాత్రి స్టడీ అవర్‌లో నా దగ్గరికొచ్చి, “మేడమ్, అయితే మా నాన్న అడవిని పాడు చేస్తున్నట్టేనా?” అని అడిగింది.

ఆ అర్థం తప్పు కాదు, సగమే. నరకడం, కాల్చడం వేసవి పని. తొలకరికి ఆ బూడిదలోనే సామలు, చోళ్లు, కొర్రలు, కందులు కలిపి చల్లేవారు. సామలు ముందు చేతికొచ్చేవి, కందులు చివర. ఒకటి పోయినా ఇంకొకటి కడుపు నింపేది. రెండు మూడేళ్లు పండించాక ఆ చెక్కను వదిలేసి వేరేచోటికి పోయేవారు. మళ్లీ చెట్లు లేచేవరకు దాన్ని ముట్టేవారు కాదు. ఆ వదిలేయడం కూడా పోడులో భాగమే. నిఘంటువులో అదే కనబడదు.

చట్టానికీ అది కనబడలేదు. 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాక రిజర్వు గీతలు పడ్డాయి. రైతు లెక్కలో విశ్రాంతిలో ఉన్న పొలం సర్కారు లెక్కలో అడవి అయింది. తిరిగి అక్కడ కత్తి పెడితే నేరం. 1922లో మన్యం తిరగబడడానికి రోడ్డు పనుల్లో వెట్టితోపాటు పోడుపై ఆంక్షలూ కారణమే. సభల్లో మనం చింతపల్లి స్టేషన్‌లో తుపాకులు ఎత్తుకెళ్లిన సంగతి గొప్పగా చెప్పుకుంటాం, ఈ మాట మాత్రం రెండు ముక్కల్లో దాటేస్తాం.

2006 అటవీ హక్కుల చట్టంతో 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్న భూమికి, నాలుగు హెక్టార్లకు మించకుండా, పట్టా దొరికే దారి ఏర్పడింది. మా నాన్న ఆ కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి దాచుకున్నాడు. అది చిన్న విషయం కాదు. కానీ ‘సాగులో ఉన్న’ అనే మాట ఆయన మనసులో భయంగా నిలిచిపోయింది. ఖాళీగా వదిలితే ఎవరైనా ఇది నీది కాదంటారేమోనని ఏటా అదే వాలును దున్నాడు. మట్టి వానకు కొట్టుకుపోయి రాళ్లు తేలాక జీడిమామిడి పెట్టాడు. సామలు ఇప్పుడు సంతలో కొంటున్నాం.

ఆ పిల్లకు ఇదంతా చెప్పాను. “పరీక్షలో ఇలా రాస్తే మార్కులు వేస్తారా?” అంది. పుస్తకంలో ఉన్నది ముందు రాసి, కింద ‘కొన్నేళ్ల తర్వాత అడవికి వదిలేస్తారు’ అని ఒక వాక్యం కలపమన్నాను.

పెద్దలకు ఒక మనవి. కొత్త పోడుకూ వదిలేసిన పోడుకూ మీ ఊళ్లో వేర్వేరు పేర్లుంటే మాకు చెప్పండి. రాసుకోవడానికి పిల్లలు నోటు పుస్తకంలో రెండు పేజీలు ఖాళీగా ఉంచారు.