ఒక్కరోజులో హంపీ: మంచి గైడు తోడుంటే శిథిలాలే చరిత్ర చెబుతాయి

శాసనం చెప్పేదేమిటి, జనం చెప్పుకునేదేమిటి... తేడా తెలుసుకుంటేనే సందర్శన సార్థకం

తుంగభద్రా నది దక్షిణ తీరాన కొండరాళ్ల నడుమ విస్తరించిన హంపీ, రెండు శతాబ్దాలకు పైగా దక్షిణాపథాన్ని ఏలిన విజయనగర సామ్రాజ్యానికి రాజధాని. హరిహర, బుక్కరాయ సోదరులు 1336లో ఈ రాజ్యానికి పునాది వేశారని ప్రతీతి. 1520 ప్రాంతంలో నగరాన్ని దర్శించిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ దీని వైశాల్యాన్ని రోము నగరంతో పోల్చాడు. 1565 జనవరిలో జరిగిన తళ్లికోట యుద్ధంలో అళియ రామరాయలు మరణించగా, రాజకుటుంబం పెనుకొండకు తరలిపోయింది. ఆ తరువాత కొద్ది నెలల్లోనే మహానగరం పాడుపడింది.

ఇక్కడి కట్టడాలను యునెస్కో 1986లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ప్రధాన రక్షిత ప్రాంతమే సుమారు 41.8 చదరపు కిలోమీటర్లు. ఇంతటి క్షేత్రాన్ని ఒక్కరోజులో పూర్తిగా చూడటం అసాధ్యం. అయితే ఏవి చూడాలో ముందే నిశ్చయించుకుని, కుటుంబం వరకు ఒక గైడును మాట్లాడుకుంటే ముఖ్యమైన కట్టడాలను తీరికగా, అర్థవంతంగా చూడవచ్చు.

గైడు ఎందుకు?

హంపీలో కట్టడాలు ఒకేచోట లేవు. విరూపాక్షాలయం ఒక కొసన, విఠలాలయం మరో కొసన, రాజప్రాసాదాల ప్రాంగణం వీటికి దూరంగా కమలాపురం వైపున ఉన్నాయి. దారి తెలియక తిరిగితే సగం రోజు ఎండలోనే గడిచిపోతుంది. పెద్ద బృందంతో కలిసి వెళితే ఒక్కోచోట పావుగంటకు మించి నిలవనివ్వరు. సొంతంగా గైడును పెట్టుకున్నవారు నచ్చినచోట ఆగవచ్చు, సందేహం అడగవచ్చు, పెద్దలకు నడవలేని చోటును వదిలివేయవచ్చు.

గైడు చెప్పే ప్రతి మాటా ఒకే విలువ గలది కాదన్న సంగతి మాత్రం మరువరాదు. అందులో మూడు రకాలుంటాయి. శాసనాల్లో ఉన్నది ఒకటి. నాటి విదేశీ యాత్రికులు రాసిపెట్టినది రెండోది. తరువాతి కాలంలో జనం కల్పించుకున్నది మూడోది. మూడూ ఆసక్తికరమైనవే. ఏది ఏదో విడమరచి చెప్పగలిగినవాడే మంచి గైడు. "ఈ సంగతి ఎక్కడ రాసి ఉంది?" అన్న ఒక్క ప్రశ్నతో ఆయన పరిజ్ఞానం తేటతెల్లమవుతుంది.

మాట్లాడుకునే ముందు

పర్యాటక శాఖ గుర్తింపు కార్డు ఉన్న గైడునే ఎంచుకోవాలి. కార్డు చూపమని అడగడంలో మొహమాటం అక్కరలేదు. సరిహద్దు ప్రాంతం కావడంతో తెలుగు మాట్లాడే గైడ్లూ ఇక్కడ దొరుకుతారు. రుసుము పూట లెక్కనా, రోజు లెక్కనా, అందులో వాహనం కలిసి ఉందా, ఏయే కట్టడాలు చూపుతారు అన్నవి బయలుదేరక ముందే తేల్చుకోవాలి. దుకాణాల వద్ద ఆపే పని లేదని కూడా ముందే చెప్పడం మేలు. బస్టాండు వద్ద చుట్టుముట్టి తొందరపెట్టేవారి మాట నమ్మి డబ్బు ముందే ఇవ్వడం తగదు.

ఉదయం: విరూపాక్షుని సన్నిధి

ఎండ ముదరక ముందే విరూపాక్షాలయంతో సందర్శన ప్రారంభించాలి. నగరం పాడుపడినా ఇక్కడ పూజాదికాలు నేటికీ సాగుతున్నాయి. తూర్పున తొమ్మిది అంతస్తుల గోపురం సుమారు 50 మీటర్ల ఎత్తున దర్శనమిస్తుంది. లోపలి చిన్న గోపురాన్ని, రంగమండపాన్ని శ్రీకృష్ణదేవరాయలు తన పట్టాభిషేక సందర్భంగా నిర్మింపజేసినట్లు మండపం ఎదుట ఉన్న 1510 నాటి శాసనం చెబుతోంది. చాలామంది ఈ శాసన శిల పక్కనుంచే దాటిపోతారు. దాని వద్ద కాసేపు ఆగి, అందులో ఏముందో గైడును అడిగి తెలుసుకోవాలి.

రంగమండపం పైకప్పున గిరిజా కల్యాణం, మత్స్యయంత్రాన్ని ఛేదించే అర్జునుడు, పల్లకిలో ఊరేగే విద్యారణ్యస్వామి చిత్రాలు కనిపిస్తాయి. ఈ చిత్రాలు ఏ కాలం నాటివన్న విషయంలో పండితుల మధ్య భిన్నాభిప్రాయాలున్నాయి. గర్భాలయం వెనుక చీకటి గదిలో గోడమీద గోపురం నీడ తలకిందులుగా పడుతుంది. చిన్న రంధ్రం గుండా వచ్చిన వెలుగు ఎదుటి దృశ్యాన్ని తిరగేసి చూపడమే ఇందులోని కిటుకు. పిల్లలకు చూపి వివరిస్తే పాఠ్యపుస్తకంలోని కాంతిపాఠం కళ్లకు కడుతుంది.

ఆలయానికి దక్షిణాన హేమకూటం కొండ ఉంది. మెట్లుమెట్లుగా పిరమిడ్ ఆకారంలో ఉన్న శిఖరాలను చూపి ఇవి జైనాలయాలని చెప్పే అలవాటు చాలాకాలంగా ఉంది. నిజానికి వీటిలో అధికం శివాలయాలే. వీర కంపిలదేవుడు తన తల్లిదండ్రుల స్మృత్యర్థం లింగాలను ప్రతిష్ఠించి ఆలయం కట్టించినట్లు ఇక్కడి శాసనం ఒకటి తెలుపుతోంది. అంటే విజయనగర స్థాపనకు ముందే ఈ కొండ పుణ్యక్షేత్రమన్న మాట.

కొండ దిగువన శసివెకాళు గణపతి దర్శనమిస్తాడు. చంద్రగిరికి చెందిన ఒక వర్తకుడు 1506లో ఈ మండపాన్ని కట్టించినట్లు శాసనం ఉంది. నేటి తిరుపతి జిల్లాలోని చంద్రగిరి నుంచి వచ్చిన వ్యాపారి రాజధానిలో గుడి కట్టించాడంటే, ఆనాటి వాణిజ్య సంబంధాలు ఎంత విస్తారమో ఊహించవచ్చు.

ఉదయగిరి నుంచి వచ్చిన బాలకృష్ణుడు

తెలుగువారు తప్పక చూడవలసినది కృష్ణాలయం. రాయలు గజపతులపై దండెత్తి, నేటి నెల్లూరు జిల్లాలోని ఉదయగిరి దుర్గాన్ని 1514లో వశపరచుకున్నాడు. అక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని రాజధానికి తెచ్చి, 1515లో ఈ ఆలయంలో ప్రతిష్ఠించాడు. ఆ సంగతిని తెలిపే శాసనం గుడి ప్రాంగణంలోనే ఉంది. తూర్పు గోపురం లోపలివైపు గచ్చుబొమ్మల్లో యుద్ధానికి సాగే సైనికులు, గుర్రాలు కనిపిస్తాయి. గర్భాలయం ఇప్పుడు ఖాళీ. దెబ్బతిన్న ఆ విగ్రహం చెన్నైలోని ప్రభుత్వ మ్యూజియంకు చేరింది.

సమీపంలోనే 6.7 మీటర్ల ఏకశిలా నరసింహ విగ్రహం ఉంది. 1528లో రాయల కాలంలోనే దీన్ని చెక్కారు. గుడ్లురిమి చూస్తున్న ముఖాన్ని బట్టి దీనికి ఉగ్ర నరసింహుడన్న పేరు స్థిరపడింది. అయితే ఇది అసలు లక్ష్మీనరసింహ విగ్రహం. స్వామి తొడపై కూర్చున్న లక్ష్మీదేవి ప్రతిమ ధ్వంసమైంది. ఆమె స్వామిని చుట్టి పట్టుకున్న చేయి మాత్రం విగ్రహం వీపున నేటికీ మిగిలి ఉంది. గైడు వెనుకకు తీసుకువెళ్లి ఆ చేతిని చూపితే, ఉగ్రమూర్తి అనుకున్నది శాంతమూర్తిగా తోస్తుంది. పక్కనే నీటి నడుమ సుమారు మూడు మీటర్ల బడవిలింగం ఉంది.

మధ్యాహ్నం: రాజప్రాసాదాల ప్రాంగణం

ఇక్కడ మొదట హజార రామాలయం చూడాలి. 15వ శతాబ్ది ఆరంభంలో మొదటి దేవరాయల కాలంలో కట్టిన ఈ గుడి గోడలపై రామాయణం మూడు వరుసల్లో చెక్కి ఉంది. దశరథుని పుత్రకామేష్టి మొదలు ఏ ఘట్టం తరువాత ఏ ఘట్టం వస్తుందో చూపించేవారు లేకపోతే అవి వట్టి బొమ్మల వరుసలే. ప్రాకారం వెలుపలివైపు ఏనుగులు, గుర్రాలు, నాట్యకత్తెల ఊరేగింపు ఉంది.

మహర్నవమి దిబ్బను ఒరిస్సా విజయానికి గుర్తుగా రాయలు కట్టించాడని గైడ్లు చెబుతుంటారు. డొమింగో పేస్ రాతలే దీనికి ఆధారం. కాగా ఈ వేదికను ఒకేసారి కట్టలేదని, 14వ శతాబ్దిలో మొదలై దశలవారీగా పెరిగిందని పురావస్తు పరిశోధకులు గుర్తించారు. దిబ్బ అడుగుభాగంలోని రాళ్లకూ, ముందువైపు నునుపైన రాతి పలకలకూ గల తేడాను ఎవరైనా చూసి పోల్చుకోవచ్చు.

దీని సమీపంలోని మెట్ల కోనేరు 1980లలో జరిపిన తవ్వకాల్లో బయల్పడింది. నల్లరాతి పలకలపై చెక్కిన గుర్తులను గమనించాలి. ఏ రాయి ఏ దిక్కున, ఏ వరుసలో అమరాలో తెలిపేందుకు శిల్పులు వేసుకున్న గుర్తులవి. అంటే రాళ్లను ముందే చెక్కి సిద్ధం చేసి, లెక్క ప్రకారం ఇక్కడ కూర్చారన్న మాట.

లోటస్ మహల్, రాణీవాసం, రాణిగారి స్నానశాల అన్నవి తరువాతి కాలంలో పెట్టిన పేర్లే. లోటస్ మహల్ అంతఃపురం కాదని, మంత్రాంగ మందిరం కావచ్చని కొందరు పరిశోధకుల అభిప్రాయం. దాని కమానులు ముస్లిం వాస్తురీతిలో, శిఖరాలు ఆలయరీతిలో ఉన్నాయి. రెండో దేవరాయల కొలువులోని అహ్మద్ ఖాన్ అనే అధికారి 1439లో ఇదే నగరంలో మసీదు కట్టించిన సంగతి కూడా శాసనబద్ధమే. ఆ పక్కనే పదకొండు గదుల గజశాల చెక్కుచెదరక నిలిచింది.

సాయంత్రం: విఠలాలయం

ద్వారం మూసే వేళకు కనీసం గంటన్నర ముందు ఇక్కడికి చేరాలి. వాహనాలను దూరంగానే నిలిపివేస్తారు. అక్కడి నుంచి బ్యాటరీ బండ్లలో గానీ నడిచి గానీ వెళ్లాలి. రెండో దేవరాయల కాలంలో మొదలైందని భావించే ఈ ఆలయానికి 1513లో రాయల దేవేరులు గోపురాలు కట్టించారు. 1516లో రాయలు నూరుకాళ్ల మండపాన్ని చేర్చాడు.

2017లో వచ్చిన యాభై రూపాయల నోటు వెనుక కనిపించేది ఇక్కడి రాతిరథమే. చాలామంది అనుకుంటున్నట్లు ఇది ఏకశిల కాదు. అతుకులు తెలియకుండా రాళ్లను పేర్చి కట్టిన గరుడాలయం. దీనిపై ఒకప్పుడు ఇటుకల శిఖరం ఉండేదని 1856లో అలెగ్జాండర్ గ్రీన్‌లా తీసిన ఛాయాచిత్రాల వల్ల తెలుస్తోంది. ముందున్న ఏనుగులు తరువాత తెచ్చి పెట్టినవి. వాటి వెనుక తొలినాటి గుర్రాల కాళ్లు, తోకల ఆనవాళ్లు ఇంకా ఉన్నాయి. రథం ముందు ఫొటో దిగి వెళ్లిపోయేవారికి ఇవి కంటపడవు.

మహామండపంలోని సన్నని స్తంభాలను తడితే స్వరాలు పలుకుతాయి. లోపల ఏముందో చూడటానికి ఆంగ్లేయులు రెండు స్తంభాలను కోసి చూశారన్న కథ తరచూ వినిపిస్తుంది. ఆధారమేమిటని అడగాల్సిన కథల్లో ఇదొకటి. దశాబ్దాల తరబడి గైడ్లు, సందర్శకులు తట్టీతట్టీ స్తంభాలు దెబ్బతినడంతో అధికారులు దాన్ని నిషేధించారు. పది రూపాయలు చేతిలో పెట్టి ఒక్కసారి వాయించమని గైడును కోరడమంటే, అయిదు శతాబ్దాలు నిలిచిన శిల్పానికి మన చేతులతో చేటు చేయడమే.

ఈ నష్టం ఊహాజనితం కాదు. హంపీలో స్తంభాలను యువకులు తోసి పడవేస్తున్న వీడియో 2019 ఫిబ్రవరిలో దేశమంతటా కలకలం రేపింది. న్యాయస్థానం వారికి జరిమానా విధించి, పడగొట్టిన స్తంభాలను వారి చేతనే తిరిగి నిలబెట్టించింది. అంతకుముందు ఆనెగొంది వంతెన నిర్మాణం తదితర కారణాలతో 1999 నుంచి 2006 వరకు హంపీ యునెస్కో 'ప్రమాదంలో ఉన్న వారసత్వం' జాబితాలో ఉంది. కట్టడాన్ని తాకకుండా, ఎక్కకుండా చూపించే గైడును ఎంచుకోవడం కూడా పరిరక్షణలో భాగమే.

ఇలా చేరుకోవచ్చు

హంపీ కర్ణాటకలోని విజయనగర జిల్లాలో, హోసపేటకు 13 కిలోమీటర్ల దూరాన ఉంది. 2021కి ముందు ఈ ప్రాంతం బళ్లారి జిల్లాలో ఉండేది. గుంతకల్లు, బళ్లారి మీదుగా హుబ్బళ్లి వైపు వెళ్లే రైళ్లలో హోసపేటలో దిగి, బస్సులో గానీ ఆటోలో గానీ చేరుకోవచ్చు. బస సౌకర్యాలు హోసపేట, కమలాపురంలలో ఉన్నాయి. ముందురోజు రాత్రికే హోసపేట చేరితే మర్నాడు పొద్దున్నే బయలుదేరవచ్చు.

గుర్తుంచుకోవలసినవి

* అక్టోబరు నుంచి ఫిబ్రవరి వరకు సందర్శనకు అనుకూలం. వేసవిలో బండరాళ్ల వేడికి మధ్యాహ్నం తిరగడం కష్టం.
* విఠలాలయం, లోటస్ మహల్ ప్రాంగణాలకు ఒకే టికెట్ అదే రోజు చెల్లుతుంది. దాన్ని సాయంత్రం వరకు భద్రపరచుకోవాలి. 15 ఏళ్లలోపు పిల్లలకు టికెట్ లేదు.
* కమలాపురంలోని పురావస్తు మ్యూజియానికి శుక్రవారం సెలవు. అక్కడి హంపీ నమూనాను ముందే చూస్తే ఏది ఎక్కడుందో బోధపడుతుంది.
* విరూపాక్షాలయంలో కోతుల బెడద ఉంది. అరటిపళ్లు, కొబ్బరిచిప్పలు చేతిలో కనబడనీయరాదు.
* నది ఉధృతంగా ఉన్నప్పుడు పుట్టి ఎక్కరాదు. ఆవలి ఒడ్డున ఉన్న ఆనెగొందిని మరోరోజుకు ఉంచుకోవడమే మేలు.
* తాగునీరు, టోపీ, నడకకు అనువైన చెప్పులు వెంట ఉండాలి. శాసనాల పేర్లు, సంవత్సరాలు రాసుకునేందుకు చిన్న పుస్తకం ఉంటే ఇంటికి వచ్చాక చదువుకోవడానికి పనికివస్తుంది.