తుర్కపల్లియు, కంది క్రోమోజోములును

హైదరాబాదునకు ఉత్తరమున, శామీర్‌పేట చెరువును దాటి కరీంనగరము దారిని పోవువారికి తుర్కపల్లి పరిసరములందు పరిశోధనశాలలును టీకాల కర్మాగారములును కానవచ్చును. 1999లో ఈ ప్రాంతమునకు జీనోమ్ వ్యాలీ యని పేరిడిన నాటికి మానవ జీనోము ముసాయిదా సైతము వెలువడలేదు; అది 2000 జూన్ 26న గాని ప్రకటితము కాలేదు. ఇంకను చదువబడని గ్రంథము పేరిట ఒక సీమకు నామకరణము చేసినవారి ధైర్యమును నేను మెచ్చుకొందును. అయినను జీవరాసుల క్రోమోజోములను చదువు విద్య ఈ నేలపై వేళ్లూనినది తుర్కపల్లిలో కాదు. హబ్సిగూడలోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రమైన సీసీఎంబీ యందును, పటాన్‌చెరువులోని అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధన సంస్థయైన ఇక్రిశాట్ యందును.

కాశీ హిందూ విశ్వవిద్యాలయమున పాముల క్రోమోజోములను పరిశీలించి, పిదప ఎడిన్‌బరోలో పసుపు నలుపు పట్టెల కట్లపాము నుండి ఒక పునరుక్త డీఎన్ఏ క్రమమును వేరుచేసి 1980లో ప్రకటించిన లాల్జీ సింగ్, 1987లో సీసీఎంబీకి వచ్చిచేరెను. ఆడుపాము లింగ క్రోమోజోమునందు మెండుగా నున్న ఆ క్రమము మనుష్యులందును ఉండుటచే, దాని సాయముననే మనుష్యులను గుర్తుపట్టు డీఎన్ఏ వేలిముద్రల పద్ధతి ఇచట రూపొందినది. సర్పమునందు దొరకిన సాధనము న్యాయస్థానములకు సాక్ష్యమైనది!

ఇక కంది. మన నిత్య భోజనమునకు ఆధారమైనను శాస్త్రజ్ఞుల దృష్టి చాలకాలము దీనిపై చాలినంత ప్రసరింపలేదు. ఇక్రిశాట్‌లో రాజీవ్ వార్ష్ణేయ నాయకత్వమున, ఎండు తెగులును వెఱ్ఱి తెగులును తట్టుకొను ఆశ యను రకమును గైకొని, 237.2 గిగాబేసుల క్రమమును యంత్రములచే చదివించిరి. ఇట్టి యంత్రము దీర్ఘమైన క్రోమోజోమును ఆసాంతము చదువజాలదు. చిన్నచిన్న తునుకలను మాత్రమే చదువును. ఒకే పాదము పలుమార్లు వచ్చు కావ్యమును చింపి కలిపివేసిన యెడల ఏ చీటి యెచటిదో తెలియనట్లే, పునరుక్త భాగములయందు కూర్పరి దారి తప్పును. కావున పొడవైన డీఎన్ఏ ఖండముల రెండు కొసలను వేరుగా చదివి, వాని నడుమ దూరమునుబట్టి తునుకలను జతపరచి, తరతరముల సంక్రమణము తెలుపు జన్యుపటమునుబట్టి వానిని 11 క్రోమోజోములపై నిలుపవలసివచ్చెను. 2011 నవంబరులో వెలువడిన ఆ కూర్పు, 833.07 మెగాబేసుల జీనోములో 605.78 మెగాబేసులను, అనగా 72.7 శాతమును, 48,680 జన్యువులను చూపెను. అసంపూర్ణమే, కాని కంది వంగడములను తీర్చిదిద్దువారికి అది చేతికి వచ్చిన మొదటి పటములలో నొకటి. 2013లో శనగయు, 2017లో సజ్జయు దానిని అనుసరించినవి.

తుర్కపల్లి జీనోమ్ వ్యాలీ యను తన పేరునకు తగిన కార్యము వేరొక తెరువున చేసినది. 1996లో స్థాపితమైన భారత్ బయోటెక్ ఇచట, శిశువులకు విరేచనములు కలిగించు రోటావైరస్‌ను నివారించు రోటావాక్ టీకాను రూపొందించినది. ఢిల్లీ ఎయిమ్స్‌లో నవజాత శిశువులనుండి లభించిన 116ఇ యను రోటావైరస్ రోగము కలిగింపక వారియందు నిలిచియుండెను. దాని జన్యుద్రవ్యమును పరిశీలింపగా, 11 ఖండములలో ఒకటి పశువుల వైరస్‌నుండి సహజముగా వచ్చి చేరినదని తేలెను. మనుష్యులది కొంత, గోవులది కొంతయైన ఆ జీనోమే టీకాకు మూలమైనది. 2015 మార్చి 9న అది దేశమున విడుదలయ్యెను. మరుసటి యేట జాతీయ టీకా కార్యక్రమమున రోటావైరస్ టీకాను మొదట ప్రవేశపెట్టిన నాలుగు రాష్ట్రములలో ఆంధ్రప్రదేశ్ ఒకటి.