వచ్చి పోయిన మాట

ఒమాన్ పిల్లల్లో ఆటిజం ఏ మేరకు ఉందో లెక్కగట్టిన అధ్యయనం ఒకటి 2011లో వెలువడింది. మస్కట్‌లోని సుల్తాన్ కబూస్ విశ్వవిద్యాలయానికి చెందిన అల్-ఫార్సీ, ఆయన సహపరిశోధకులు పద్నాలుగేళ్ళ వరకు వయసున్న పిల్లల్లో పదివేలకు 1.4 మందికి ఆటిజం ఉందని తేల్చారు. 2019లో పలు కేంద్రాల వివరాలు కలిపి చూసిన మరో అధ్యయనంలో ఆ సంఖ్య 20.35. అంటే దాదాపు పదిహేను రెట్లు. ఒక దేశపు పిల్లల మెదళ్ళు పదేళ్ళలోపే ఇంతగా మారిపోవు. ఈ పెరుగుదలలో పెద్ద పాలు వైద్యుల ఎరుకది, తల్లిదండ్రుల ఎరుకది. ఆ పిల్లలు అంతకుముందూ ఉన్నారు; వారి స్థితికి ఆ పేరు పెట్టినవారు లేరు.

ఆ పిల్లల్లో కొందరి కథ మరీ కలవరపెట్టేది. ఏడాది నిండేసరికి అత్తా, తాతా అంటారు. చందమామను వేలెత్తి చూపిస్తారు. ఏడాదిన్నర, రెండేళ్ళ మధ్య ఆ మాటలు ఒక్కొక్కటే రాలిపోతాయి. పిలిస్తే తల తిప్పరు. వైద్యులు దీనిని తిరోగమనం అంటారు. ఇలా మారిపోయిన బిడ్డను చూసి మన పెద్దలు బాలగ్రహమన్నారు, దిష్టి అన్నారు. సుశ్రుత సంహిత ఇటువంటి గ్రహాలను తొమ్మిదింటిని పేర్కొంది. ఒమాన్ పల్లెల్లో జిన్నులనీ, చెడుకన్ను అనీ చెప్పుకుంటారు. ఈ మాటల్లో రెండు విషయాలు కలగలిసి ఉన్నాయి: తల్లి కంటితో చూసినది ఒకటి, దానికి ఆమె ఊహించుకున్న కారణం మరొకటి. ఈ రెంటినీ విడదీయడానికి వైద్యశాస్త్రానికి దాదాపు నూరేళ్ళు పట్టింది.

1908లో వియన్నాలో థియోడర్ హెల్లర్ అనే విద్యావేత్త ఆరుగురు పిల్లల గురించి రాశాడు. మూడు నాలుగేళ్ళ వరకూ చక్కగా ఎదిగినవారు, కొద్ది నెలల్లోనే మాటనూ నేర్చిన పనులనూ పోగొట్టుకున్నారు. ఆటిజం అనే నిర్ధారణ పుట్టక ముందే తిరోగమనం గ్రంథస్థమైందన్నమాట. 1943లో బాల్టిమోర్‌లో లియో కానర్ పదకొండుమంది పిల్లలను వర్ణిస్తూ ఆటిజానికి రూపం ఇచ్చాడు. వారిలో మొదటి బాలుడి వివరాలను తండ్రి 33 పేజీల ఉత్తరంగా టైపు చేయించి పంపాడు. ఆ రకంగా ఆటిజం చరిత్ర ఒక తండ్రి సాక్ష్యంతోనే మొదలైంది. అయితే కానర్ ఈ స్థితి పుట్టుకతో వచ్చేదని నిర్ణయించాడు. పుట్టుకతోనే ఉన్నదైతే, రెండేళ్ళకు మాట పోయిందనే తల్లి మాటకు చోటెక్కడ? మొదటి లక్షణాలు ఆమె కనిపెట్టలేదని సరిపెట్టుకోవడం సులువైంది. ఆపైన తల్లుల మనసులో ఆప్యాయత లేకపోవడమే కారణమనే వాదం బలపడింది. 1967లో బ్రూనో బెటల్‌హైమ్ పుస్తకం దానికి ప్రచారం తెచ్చింది. సాక్షి కాస్తా ముద్దాయి అయింది.

1998లో దీనికి సరిగ్గా విరుద్ధమైన తప్పు జరిగింది. పన్నెండుమంది పిల్లల ఆధారంగా ఆండ్రూ వేక్‌ఫీల్డ్, ఆయన సహరచయితలు లాన్సెట్ పత్రికలో ఒక వ్యాసం ప్రచురించి, ఎమ్ఎమ్ఆర్ టీకాకూ తిరోగమనానికీ సంబంధం ఉందన్న అనుమానాన్ని లేవదీశారు. మాట పోయిన వయసూ, టీకా వేసే వయసూ దగ్గర దగ్గరగా ఉండటంతో తల్లిదండ్రులు నమ్మారు. 2002లో డెన్మార్క్‌లో ఐదు లక్షలకు పైగా పిల్లలను పరిశీలిస్తే ఆ సంబంధం కనబడలేదు. 2010లో లాన్సెట్ ఆ వ్యాసాన్ని ఉపసంహరించుకుంది. చూసినది నిజమైనంత మాత్రాన, చెప్పుకున్న కారణం నిజం కానక్కరలేదు.

చూసినది నిజమేనని నిరూపించినవి పుట్టినరోజు వీడియోలు. 2005లో సియాటిల్‌లో ఎమిలీ వెర్నర్, జెరల్డైన్ డాసన్ ఇళ్ళలో తీసిన మొదటి, రెండో పుట్టినరోజుల దృశ్యాలను పోల్చిచూశారు. మాట పోయిందని తల్లిదండ్రులు చెప్పిన పిల్లలు, మొదటి పుట్టినరోజున తక్కిన పిల్లల్లాగే పలుకుతున్నారు, రెండోదానికి వెనకబడ్డారు. 2010లో శాలీ ఓజోనాఫ్ బృందం ఆరు నెలల వయసు నుంచి పిల్లలను గమనిస్తూ వచ్చింది. చూపు, నవ్వు, పలుకు క్రమంగా సన్నగిల్లడం చాలామందిలో కనబడింది. వారి తల్లిదండ్రుల్లో అధికభాగం దాన్ని గుర్తించనే లేదు. తల్లులు లేనిది ఊహిస్తున్నారని అనుమానించిన శాస్త్రం, వారు ఉన్నదానికన్నా తక్కువే చెప్పారని చివరికి ఒప్పుకోవలసి వచ్చింది.

ఈ సాక్ష్యాన్ని శ్రద్ధగా విన్నచోట ఫలితం దక్కింది. 1962లో వెల్లూరు వైద్యులు జాదవ్, వెబ్, వైష్ణవ, బేకర్ అదే లాన్సెట్‌లో ఒక వ్యాసం రాశారు. తల్లిపాల మీదే పెరుగుతున్న శిశువులు కొందరు మందకొడిగా మారి, నేర్చిన కదలికలను కోల్పోయారు. చర్మం నల్లబడింది, రక్తం తగ్గింది. కారణం బి12 లోపం. అది ఇస్తే కోలుకున్నారు. ఆడపిల్లల్లో చేతుల వాడకాన్నీ మాటనూ హరించే మరో స్థితిని 1966లో ఆండ్రియాస్ రెట్ వర్ణించాడు. దానికి మూలమైన జన్యువును 1999లో బేరూత్‌లో పుట్టిన హుదా జోగ్బీ బృందం కనిపెట్టింది. తిరోగమనమంతా ఆటిజం కాదు. మూర్ఛ సంబంధమైన రుగ్మతల్లోనూ మాట పోవచ్చు.

2013లో అల్-ఫార్సీ బృందం ఆటిజం కొత్తగా నిర్ధారణ అయిన ఒమానీ పిల్లల్లో ఫోలేట్, బి12 తక్కువగా ఉన్నాయని చూపింది. దీన్నిబట్టి ఆ లోపమే ఆటిజానికి కారణమని చెప్పలేము; కొన్ని పదార్థాలే తినే అలవాటు వల్ల కూడా అది రావచ్చు. అయినా వెతికి సరిచేయదగిన లోపం అది.

ఇవన్నీ ఒమానీ పిల్లల లెక్కలు. రూవీలోనో, అల్ ఖువైర్‌లోనో పెరిగే మన పిల్లలు ఇంట్లో తెలుగు, పక్కింట్లో మలయాళం, బడిలో ఇంగ్లీషు, బజారులో అరబ్బీ వింటారు. అందుకే అక్కడ దిష్టి స్థానంలో కొత్త కారణం ఒకటి వచ్చి కూర్చుంది: భాషలు ఎక్కువై పిల్లవాడు తికమక పడుతున్నాడట. నాలుగు భాషలు విన్న బిడ్డ వాటిని కలగలిపి మాట్లాడవచ్చు. కానీ భాషలు పెరిగినందువల్ల వచ్చిన మాట పోదు. మాట ఆలస్యం కావడం వేరు, వచ్చిన మాట పోవడం వేరు. రెండోది ఏ వయసులో కనబడినా, వినికిడి మొదలుకొని మెదడు, రక్తం వరకు వెంటనే పరీక్షించవలసిన లక్షణం. వచ్చే పుట్టినరోజు దాకా చూద్దామనడం, తల్లి సాక్ష్యాన్ని మరోసారి పక్కన పెట్టడమే.