వహాకా నగరం

వహాకా మెక్సికో దేశపు దక్షిణ భాగంలో ఉన్న చారిత్రక నగరం. ఇది ఇదే పేరు గల వహాకా రాష్ట్రానికి రాజధాని. నగరం పూర్తి పేరు వహాకా దె హ్వారెస్. స్పానిష్ భాషలో ఈ పేరులోని 'ఎక్స్' అక్షరాన్ని 'హ' వలె పలుకుతారు. స్పానిష్ వలస పాలన కాలపు భవనాలకు, గెలగెట్సా నృత్యోత్సవానికి, మృతుల దినానికి, 'మోలే' అనే మసాలా పులుసులకు ఈ నగరం ప్రసిద్ధి చెందినది. నగరంలోని పాత భాగాన్ని, సమీపంలోని మోంటే అల్బాన్ శిథిలాలను కలిపి 1987లో యునెస్కో ప్రపంచ వారసత్వ ప్రదేశంగా గుర్తించింది. 2020 జనాభా లెక్కల ప్రకారం నగర పురపాలక పరిధిలోని జనాభా సుమారు 2 లక్షల 70 వేలు.

పేరు

ఆజ్టెక్ ప్రజల భాష అయిన నహువాట్ల్‌లోని 'హువాష్యాకాక్' అనే మాట నుండి ఈ పేరు వచ్చింది. 'హువాషిన్' అంటే ఒక చెట్టు, 'యాకట్ల్' అంటే ముక్కు లేదా కొన. 'హువాషిన్ చెట్ల కొన వద్ద' అని ఈ పేరుకు అర్థం. ఈ చెట్టు కోస్తా జిల్లాలలో కాగితపు గుజ్జు కొరకు పెంచే సుబాబుల్ జాతికి చెందినది. దీని గింజలను వహాకా ప్రజలు నేటికీ తింటారు. స్పానిష్ పాలనలో నగరానికి ఆంటెకేరా అనే పేరు ఉండేది. ఈ రాష్ట్రంలోని గెలటావో గ్రామంలో ఒక జపోటెక్ కుటుంబంలో 1806లో జన్మించి, దేశాధ్యక్షుడైన బెనిటో హ్వారెస్ 1872లో మరణించగా, ఆయన గౌరవార్థం నగరం పేరుకు 'హ్వారెస్' చేర్చబడినది.

భౌగోళికం

నగరం సముద్రమట్టానికి సుమారు 1,550 మీటర్ల ఎత్తులో, కొండల మధ్య మూడు లోయలు కలిసే చోట ఉన్నది. ఎత్తైన ప్రదేశం కావడం వల్ల ఎండలు తీవ్రంగా ఉండవు. వర్షాలు ముఖ్యంగా మే నుండి అక్టోబరు వరకు కురుస్తాయి. ఈ ప్రాంతంలో భూకంపాలు తరచుగా వస్తాయి. ఆ కారణంగా ఇక్కడి పాత కట్టడాలను తక్కువ ఎత్తులో, మందమైన గోడలతో నిర్మించారు. వీటికి వాడిన స్థానిక రాయి లేత ఆకుపచ్చ రంగులో ఉండడం వల్ల నగరాన్ని 'ఆకుపచ్చ ఆంటెకేరా' అని కూడా పిలుస్తారు.

చరిత్ర

ఈ లోయలో జపోటెక్, మిష్టెక్ జాతుల ప్రజలు అతి ప్రాచీన కాలం నుండి నివసిస్తున్నారు. 15వ శతాబ్దంలో ఆజ్టెక్ పాలకులు ఇక్కడ సైనిక స్థావరాన్ని ఏర్పరచారు. 1521లో స్పానిష్ సైన్యం ఈ ప్రాంతాన్ని ఆక్రమించింది. 1529లో అలోన్సో గార్సియా బ్రావో నగరానికి గళ్ళ పద్ధతిలో వీధుల ప్రణాళిక గీశాడు. 1532లో రాజు ఐదవ చార్లెస్ దీనికి నగర హోదా ఇచ్చాడు.

వలస పాలన కాలంలో నగరానికి సంపద తెచ్చినది కోచినీల్ అనే ఎర్ర రంగు. నాగజెముడు మట్టలపై పెరిగే చిన్న పురుగులను ఎండబెట్టి ఈ రంగును తయారుచేస్తారు. మెక్సికో నుండి ఐరోపాకు ఎగుమతి అయిన సరకులలో విలువను బట్టి వెండి తరువాతి స్థానం దీనిదే. ఈ లాభాలను చూసి 18వ శతాబ్దం చివర ఈస్టిండియా కంపెనీ మద్రాసులో కూడా ఈ పురుగుల పెంపకానికి ప్రయత్నించింది. 19వ శతాబ్దంలో రసాయన రంగులు రావడంతో ఈ వ్యాపారం పడిపోయింది.

1931 జనవరి 14న వచ్చిన భూకంపం నగరాన్ని తీవ్రంగా దెబ్బతీసింది. అప్పుడు మెక్సికోలో ఉన్న సోవియట్ దర్శకుడు సెర్గీ ఐసెన్‌స్టీన్ ఆ విధ్వంసాన్ని చిత్రీకరించాడు. 2006లో ఉపాధ్యాయుల సమ్మెను పోలీసులతో అణచివేయడానికి రాష్ట్ర ప్రభుత్వం ప్రయత్నించగా, అది నగరవ్యాప్త తిరుగుబాటుగా మారింది. నెలల తరబడి నగర కేంద్రం ఆందోళనకారుల అధీనంలో ఉంది. ఈ ఘర్షణలలో పలువురు మరణించారు.

చూడదగిన ప్రదేశాలు

సోకలో: ఇది నగరం నడిబొడ్డున ఉన్న చౌకు. చుట్టూ తోరణాలు గల వసారాలు, మధ్యలో సంగీత మండపం, నీడనిచ్చే పెద్ద చెట్లు ఉన్నాయి. సాయంత్రాలలో ఇక్కడ సంగీత కచేరీలు జరుగుతాయి. నిరసన శిబిరాలు కూడా ఇక్కడే వెలుస్తాయి. దీనిని ఆనుకొని ఉన్న ప్రధాన చర్చి నిర్మాణం 16వ శతాబ్దంలో మొదలైంది. భూకంపాల వల్ల పలుమార్లు పునర్నిర్మించబడి, 1733లో ప్రతిష్ఠించబడినది.

శాంతో దోమింగో చర్చి: ఇది డొమినికన్ మఠవాసులు నిర్మించిన చర్చి. నిర్మాణం 16వ శతాబ్దంలో మొదలైంది. లోపలి కప్పు, గోడలు బంగారు రేకు తాపిన గచ్చు శిల్పాలతో నిండి ఉన్నాయి. ప్రవేశద్వారం పైకప్పు మీద సెయింట్ డొమినిక్ వంశవృక్షం ద్రాక్ష తీగ రూపంలో మలచబడినది. 19వ శతాబ్దంలో ఈ మఠాన్ని సైనిక శిబిరంగా వాడారు. 1990లలో మరమ్మతులు చేసి, 1998లో ఇందులో వహాకా సంస్కృతుల మ్యూజియాన్ని ప్రారంభించారు. మోంటే అల్బాన్‌లో దొరికిన ఏడవ సమాధి నిధి ఇక్కడ ఉంది.

వృక్ష ఉద్యానం: మఠం వెనుక స్థలంలో హోటలు, వాహనాల నిలుపుదల స్థలం కట్టాలన్న ప్రతిపాదనను చిత్రకారుడు ఫ్రాన్సిస్కో తొలేదో, అతని సహచరులు వ్యతిరేకించారు. వారి కృషి ఫలితంగా అది ఉద్యానంగా మారింది. ఇందులో వహాకా రాష్ట్రానికి చెందిన మొక్కలను మాత్రమే పెంచుతారు. బ్రహ్మజెముడును పోలిన నిలువు మొక్కల కంచె, కోచినీల్ పురుగులు గల నాగజెముడు మొక్కలు చూడదగినవి.

ఇతర ప్రదేశాలు: పాదచారులకు మాత్రమే ఉద్దేశించిన మాసెదోనియో అల్కలా వీధి, 1909లో ప్రారంభమైన అదే పేరు గల నాటకశాల, నగర రక్షకురాలిగా భావించే సోలెదాద్ మాత చర్చి, చిత్రకారుడు రుఫీనో తమాయో సేకరించిన ప్రాచీన శిల్పాల మ్యూజియం (1974) ముఖ్యమైనవి.

పరిసర ప్రాంతాలు

మోంటే అల్బాన్: నగరానికి పశ్చిమంగా సుమారు 9 కి.మీ. దూరంలో, లోయ కంటే 400 మీటర్ల ఎత్తున గల కొండపై ఉంది. క్రీ.పూ. 500 ప్రాంతంలో జపోటెక్ ప్రజలు కొండ శిఖరాన్ని చదును చేసి ఈ నగరాన్ని నిర్మించారు. ఉచ్ఛ దశలో ఇక్కడ సుమారు 25 వేల మంది నివసించారని అంచనా. ప్రధాన ప్రాంగణం సుమారు 300 మీటర్ల పొడవు, 200 మీటర్ల వెడల్పు ఉంటుంది. వంకరలు తిరిగిన మనుషుల బొమ్మలు చెక్కిన రాళ్ళను మొదట 'నర్తకులు' అని పిలిచారు. అవి యుద్ధంలో పట్టుబడి చంపబడిన బందీల బొమ్మలని ఇప్పుడు పండితులు భావిస్తున్నారు. 1932లో ఆల్ఫోన్సో కాసో ఇక్కడి ఏడవ సమాధిలో బంగారు ఆభరణాలు, చెక్కిన ఎముకలు కనుగొన్నాడు. సమాధి జపోటెక్‌లదైనా అందులోని నిధి తరువాతి కాలపు మిష్టెక్‌లది.

మిట్లా: నగరానికి ఆగ్నేయంగా సుమారు 45 కి.మీ. దూరంలో ఉంది. ఇక్కడి గోడలపై చిన్న చిన్న రాళ్ళను సున్నం లేకుండా పేర్చిన ముగ్గుల వంటి నమూనాలు ఉన్నాయి. పాత కట్టడాల రాళ్ళతోనే స్పానిష్ వారు పక్కన చర్చి కట్టారు.

తూలే వృక్షం: మిట్లా దారిలోని శాంతా మరియా దెల్ తూలే గ్రామపు చర్చి ఆవరణలో ఉన్న ఈ చెట్టు ప్రపంచంలో అతి లావైన కాండం గల వృక్షాలలో ఒకటి. కాండం చుట్టుకొలత సుమారు 42 మీటర్లు.

చేతివృత్తుల గ్రామాలు: తెయోతిత్లాన్ దెల్ వాయే గ్రామం సహజ రంగులు అద్దిన ఉన్ని తివాచీలకు, శాన్ బార్తోలో కొయోతెపెక్ నల్లమట్టి కుండలకు, శాన్ మార్తిన్ తిల్కహేతే రంగురంగుల కొయ్య బొమ్మలకు పేరు పొందాయి.

పండుగలు

గెలగెట్సా

జూలై నెలలో రెండు సోమవారాలు ఫోర్తిన్ కొండపై జరిగే ఈ ఉత్సవం నగరంలో అన్నిటికంటే పెద్దది. దీనిని 'కొండ సోమవారాలు' అని కూడా అంటారు. సోమవారం జూలై 18న, అనగా హ్వారెస్ వర్ధంతి రోజున వస్తే, ఉత్సవాన్ని ఒక వారం తరువాత జరుపుతారు. మొక్కజొన్న దేవతకు చేసే ప్రాచీన పూజలు, కార్మెల్ మాత పండుగ కలిసి ఈ ఉత్సవానికి మూలమయ్యాయి. 1932లో నగరం 400 సంవత్సరాలు పూర్తి చేసుకున్న సందర్భంగా జరిపిన వేడుక నుండి నేటి రూపం ఏర్పడినది.

రాష్ట్రంలోని ఎనిమిది ప్రాంతాల బృందాలు తమ తమ దుస్తులలో నృత్యాలు ప్రదర్శిస్తాయి. ఈకల కిరీటాలతో చేసే 'ఈకల నృత్యం', భుజంపై అనాసపండుతో స్త్రీలు చేసే 'అనాస పువ్వు' నృత్యం బాగా ప్రసిద్ధి. నృత్యం ముగిశాక బృందాలు తమ ఊరి పండ్లు, రొట్టెలు, టోపీలు ప్రేక్షకులకు విసిరి పంచుతాయి.

గెలగెట్సా అనే జపోటెక్ మాటకు పరస్పర సహాయం అని అర్థం. పెళ్ళికో, చావుకో, పండుగకో ఒక కుటుంబం మరొక కుటుంబానికి కోళ్ళు, మొక్కజొన్న, డబ్బు, శ్రమ ఇస్తుంది. తమ అవసరం వచ్చినప్పుడు దానిని తిరిగి పొందుతుంది. తెలుగువారి పెళ్ళిళ్ళలో చదివింపులు వ్రాసుకొన్నట్లే కొన్ని గ్రామాలలో ఈ లెక్కలను పుస్తకాలలో వ్రాసి ఉంచుతారు. ఈ అర్థం వల్లనే ఉత్సవ నిర్వహణ వివాదాస్పదమైనది. కొండపై రంగస్థలానికి దగ్గరి ఆసనాలకు టికెట్లు పెట్టడం, దూరపు ఆసనాలు మాత్రమే ఉచితంగా వదలడం పంచుకొనే సంప్రదాయానికి విరుద్ధమని విమర్శకులు అంటారు. పర్యాటకుల వల్ల వచ్చే ఆదాయం లేకుండా ఇంత పెద్ద ఉత్సవం సాగదని ప్రభుత్వ పక్షం వాదన. 2006లో తిరుగుబాటు కారణంగా అధికారిక ఉత్సవం రద్దు కాగా, ఉపాధ్యాయులు టికెట్లు లేని 'ప్రజా గెలగెట్సా' జరిపారు. కోవిడ్ వల్ల 2020, 2021లలో ఆగిన ఉత్సవం 2022లో తిరిగి జరిగింది.

మృతుల దినం

అక్టోబరు 31 నుండి నవంబరు 2 వరకు చనిపోయినవారి ఆత్మలు ఇంటికి వస్తాయని ఇక్కడి ప్రజల నమ్మకం. ఇళ్ళలో బల్లపై చెరకు గడలతో లేదా పూలతో తోరణం కట్టి, మృతుల చిత్రపటాలు, వారికి ఇష్టమైన వంటలు, చాక్లెట్, కొవ్వొత్తులు ఉంచుతారు. సాంబ్రాణి వంటి కోపల్ ధూపం వేస్తారు. ఈ రోజులకు చేసే రొట్టెపై చిన్న ముఖం బొమ్మ అతికిస్తారు. ఆత్మలకు దారి చూపేవి బంతిపూలని నమ్మకం. తెలుగు ఇళ్ళలో గుమ్మాలకు కట్టే బంతి మొక్కకు పుట్టినిల్లు మెక్సికోయే. అక్టోబరు 31 రాత్రి నగరం పక్కనున్న హోహోకోట్లాన్ శ్మశానంలో కుటుంబాలు సమాధులను బంతి, కోడిజుత్తు పూలతో అలంకరించి జాగరణ చేస్తాయి. మెక్సికోలోని ఈ సంప్రదాయాన్ని యునెస్కో 2008లో తన అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. సందర్శకులు సమాధుల మధ్య నడిచేటప్పుడు కుటుంబాల అనుమతి లేకుండా ఫోటోలు తీయరాదు.

ముల్లంగి రాత్రి

డిసెంబరు 23న సోకలోలో ముల్లంగి దుంపలపై చెక్కిన బొమ్మల పోటీ జరుగుతుంది. అధికారికంగా ఈ పోటీ 1897లో మొదలైంది. దీనికొరకు ముల్లంగిని ఎక్కువ కాలం నేలలోనే ఉంచి పెద్దవిగా పెంచుతారు. క్రీస్తు జననం, నృత్యాలు, మార్కెట్లు, చర్చిలు మొదలైన దృశ్యాలను చెక్కుతారు. దుంపలు కొద్ది గంటలలో వాడిపోతాయి కనుక వాటిపై తరచుగా నీరు చల్లుతారు. మొక్కజొన్న పొత్తుల డొప్పలతో, ఎండు పూలతో చేసిన బొమ్మలకు వేరే పోటీలు ఉన్నాయి.

ఆహారం

వహాకా వంటలకు ఆధారం మొక్కజొన్న. గింజలను సున్నపు నీటిలో ఉడికించి, కడిగి, రుబ్బి, ఆ ముద్దతో రొట్టెలు చేసి మట్టి పెనంపై కాలుస్తారు. మిట్లా సమీపంలోని గిలా నాకిట్స్ గుహలో సుమారు 6,250 సంవత్సరాల నాటి మొక్కజొన్న కంకులు దొరికాయి. తెలుపు, పసుపు, ఎరుపు, నీలం రంగుల నాటు రకాలను రైతులు నేటికీ పండిస్తున్నారు. 2001లో ఇక్కడి కొండ ప్రాంతపు నాటు మొక్కజొన్నలో జన్యుమార్పిడి పంటల ఆనవాళ్ళు ఉన్నాయని ఒక పరిశోధన ప్రకటించగా, దానిపై శాస్త్రవేత్తలలో తీవ్ర వాదోపవాదాలు జరిగాయి. 2025లో జన్యుమార్పిడి మొక్కజొన్న సాగును నిషేధిస్తూ మెక్సికో రాజ్యాంగాన్ని సవరించారు.

మోలే: ఎండుమిర్చి, గింజలు, మసాలా దినుసులు వేయించి రుబ్బి చేసే చిక్కని పులుసు. వహాకాను 'ఏడు మోలేల నాడు' అంటారు. అవి నలుపు, ఎరుపు, కొలరదీతో, పసుపు, ఆకుపచ్చ, చిచీలో, మంచమంతేలెస్. నల్ల మోలేలో మిరపకాయలను దాదాపు మాడే వరకు వేయించి, నువ్వులు, బాదం, దాల్చినచెక్క, చాక్లెట్ మొదలైనవి చేరుస్తారు. దీనికి కావలసిన చిల్వాక్లే మిరప ఈ రాష్ట్రంలోని కన్యాద ప్రాంతంలో కొద్దిగా మాత్రమే పండుతుంది. అందువల్ల ధర చాలా ఎక్కువ. పసుపు, ఆకుపచ్చ మోలేలలో తమలపాకు జాతికి చెందిన హోహా శాంతా ఆకు వేస్తారు. తెలుగువారి వంటలో విడదీయరాని మిరప కూడా అమెరికా ఖండం నుండి పోర్చుగీసు వారి ద్వారా భారతదేశానికి వచ్చినదే.

త్లయూదా: పళ్ళెమంత వెడల్పు గల రొట్టెపై పంది కొవ్వు, చిక్కుడు గింజల ముద్ద, పోగులుగా విడిపోయే కెసీయో జున్ను, మాంసం వేసి బొగ్గులపై కాల్చినది. శాకాహారులు కొవ్వు, మాంసం లేకుండా అడిగి చేయించుకొనవచ్చును.

చపులీనెస్: వెల్లుల్లి, నిమ్మరసం, ఉప్పుతో వేయించిన మిడతలు. మార్కెట్లలో గంపలతో అమ్ముతారు.

పానీయాలు: కోకో, దాల్చినచెక్క, బాదం, చక్కెర కలిపి రుబ్బిన చాక్లెట్‌ను వేడి నీటిలో లేదా పాలలో వేసి కొయ్య కవ్వంతో నురగ వచ్చేవరకు చిలుకుతారు. తెహాతే అనేది మొక్కజొన్న, కోకో, మమేయ్ పండు గింజ, ఒక సుగంధ పుష్పం కలిపి చేతితో కలిపే చల్లని పానీయం. మెస్కల్ అనే మద్యాన్ని కిత్తనార జాతి మొక్కల దుంపలను గోతిలో కాల్చి, పులియబెట్టి, బట్టీ పట్టి తయారుచేస్తారు. మొక్క పక్వానికి రావడానికి ఏళ్ళు పడుతుంది. విదేశీ గిరాకీ పెరగడం వల్ల అడవి రకాలు తరిగిపోతున్నాయి.

మార్కెట్లు: బెనిటో హ్వారెస్ మార్కెట్, దాని పక్కనున్న నవంబరు 20 మార్కెట్ నగర కేంద్రంలో ఉన్నాయి. రెండవ దానిలోని 'పొగ సందు'లో కొనుగోలుదారు ఎంచుకున్న మాంసాన్ని అక్కడికక్కడే కాల్చి ఇస్తారు. త్లకోలూలా పట్టణంలో ఆదివారం సంత జరుగుతుంది.

పర్యాటకం, స్థానికుల ఆందోళన

2002లో సోకలో పక్కన మెక్‌డొనాల్డ్స్ శాఖ పెట్టాలన్న ప్రయత్నానికి వ్యతిరేకంగా తొలేదో బృందం ప్రజలకు ఉచితంగా తమాలెలు (అరటి ఆకులో ఆవిరిపై ఉడికించిన మొక్కజొన్న ముద్దలు) పంచింది. పురపాలక సంఘం ఆ శాఖకు అనుమతి నిరాకరించింది. ఇటీవలి సంవత్సరాలలో పర్యాటకులకు స్వల్పకాలం అద్దెకిచ్చే ఇళ్ళు పెరిగి, నగర కేంద్రంలో అద్దెలు స్థానికులకు అందకుండా పోతున్నాయన్న ఆందోళన ఉంది. 2024 జనవరిలో దీనిపై ఊరేగింపు జరిగింది. నీటి కొరత మరొక సమస్య. ఎండాకాలంలో చాలా పేటలకు ట్యాంకర్లే ఆధారం.

ప్రయాణ సౌకర్యాలు

మెక్సికో నగరం నుండి రోడ్డు మార్గాన దూరం సుమారు 460 కి.మీ. బస్సు ప్రయాణానికి ఆరు, ఏడు గంటలు పడుతుంది. విమానాశ్రయం నగరానికి దక్షిణంగా హోహోకోట్లాన్ వద్ద ఉంది. 2024లో ప్రారంభమైన కొత్త రహదారి వల్ల పసిఫిక్ తీరంలోని ప్వెర్తో ఎస్కొందీదోకు ప్రయాణ సమయం సగానికి పైగా తగ్గింది. జూలై ఉత్సవాలకు, మృతుల దినానికి వచ్చేవారు వసతిని నెలల ముందుగానే కుదుర్చుకొనవలసి ఉంటుంది.